వర్తక వ్యాజ్యములు – ఒక న్యాయవాది అనుభవములు

కోర్టులో ఓడినవాడు అక్కడనే ఏడ్చెననియు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెననియు మన పెద్దలు చెప్పు సామెత శ్రోతలెల్లరు ఎరిగినదే. వృత్తిలో ప్రవేశించిన తొలినాళ్లలో ఈ సామెత విన్నప్పుడెల్ల మేము చిరునవ్వు నవ్వి ఊరకుండెడివారము. ఓడినవారి అక్కసు నుండి పుట్టిన మాటయని మా భావన. గెలిచినవాడు ఏల ఏడ్చునో మాకు తెలియుటకు చాల ఏండ్లు పట్టెను. ఆ సంగతి మనవి చేయుటకే నేడు మీ ముందుకు వచ్చితిమి. అంతకు ముందు మా వృత్తి ఎట్టిదో కొంత చెప్పుట అవసరము.

వకీలు అనగానే పలువురకు హత్య కేసులు, క్రిక్కిరిసిన కోర్టు హాలు, ఉరుముల వంటి వాదములు స్ఫురించును. మాది అట్టి వకాల్తా కాదు. సరకు అమ్మినవాడు పైకము రాలేదనును. కొన్నవాడు సరకు నమూనాకు తగినట్లు లేదనును. కాంట్రాక్టరు పని ముగించితిననును. చేయించుకొన్నవాడు గోడ బీటువారినదనును. భాగస్థులు లెక్కలు తేల్చుకొనలేక విడిపోవుదురు. లారీ తిరుగబడును, బీమా కంపెనీ పాలసీ వెనుకనున్న షరతును చూపును. ఇట్టి తగవులే మా జీవనాధారము. వీనిని వినుటకు కోర్టులో జనము చేరరు. బల్లమీద రశీదులు, చలానులు, ఉత్తరములు, లెక్క పుస్తకములు మాత్రమే ఉండును. కాని ఆ కాగితముల వెనుక ఒక దుకాణమో, ఒక మిల్లో, దానిని నమ్ముకొన్న నాలుగు కుటుంబములో ఉండునని మరువరాదు.

1977లో మేము గుంటూరులో ఒక సీనియరు గారి ఆఫీసున చేరితిమి. మొదటి 6 నెలలు వారు మా చేతికి చట్టపు పుస్తకము ఈయలేదు. మిర్చి కమీషను వ్యాపారుల చిట్టాలు, ఆవర్జాలు ముందు వేసి, "లా పుస్తకాలు ఎక్కడికీ పోవు నాయనా! ముందు ఇవి చదవడం నేర్చుకో" అనిరి. మాకు అది శిక్షగా తోచెను. అంతలో ఒక దావా వచ్చెను. ఒక కమీషను వ్యాపారి, సీజను పొడవునా అడ్వాన్సులు తీసికొని తీర్చలేదని ఒక రైతుమీద దావా వేసెను. తాను తీసికొన్నది రెండు పర్యాయములే యని రైతు మొర. నోటు లేదు, రశీదు లేదు. వ్యాపారి చిట్టాయే సాక్ష్యము. ఓడినచో రైతునకు ఉన్న 3 ఎకరములు పోవును.

మా సీనియరు గారు ఆ చిట్టాను తెరచి, చదువుటకు ముందు వాసన చూచిరి. మేము విస్తుపోతిమి. ఎదురు విచారణలో వారు వ్యాపారిని గద్దింపలేదు. పుస్తకము ఎక్కడ నుంచెదరని అడిగిరి. కాటా ప్రక్కనే యని సమాధానము. ఎప్పుడు వ్రాయుదురని అడిగిరి. బస్తాలు తూచిన వెంటనే యని సమాధానము. అప్పుడు పుస్తకమును అతని చేతికే ఇచ్చి, ఏ పుటయందైనను ఒక ఎర్ర మరకను చూపుమనిరి. సంవత్సరము పొడవునా మిర్చి కాటా ప్రక్కన నున్న పుస్తకములో ఒక్క వ్రేలి ముద్రయైనను లేదు! సాక్షి కొంతసేపు పుటలు త్రిప్పి, పాత చిట్టా వానకు తడిసినందున దావాకు ముందు దీనిని తిరుగ వ్రాయించితినని ఒప్పుకొనెను. దావా కొట్టివేయబడెను. క్రమముగా వ్రాసిన లెక్క పుస్తకము సాక్ష్యమునకు పనికివచ్చునే గాని, ఆ వ్రాత ఒక్కటే ఎవరిమీదను బాధ్యత మోపుటకు చాలదని 1872 నాటి సాక్ష్య చట్టము చెప్పెను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును అదే చెప్పుచున్నది. సూత్రము పుస్తకములో ఉన్నది. ఎర్ర మరక లేదను సంగతి మాత్రము ఏ పుస్తకములోను లేదు. కాగితమును చదువుట సగము పని, ఆ కాగితము ఎక్కడ బ్రతికినదో తెలిసికొనుట మిగిలిన సగమని ఆనాడు నేర్చుకొంటిమి.

ఇక కోర్టు వెలుపల తగవు తీర్చుకొను మార్గమును గూర్చి చెప్పెదము. ఇంగ్లీషులో ఆర్బిట్రేషను అందురు. ఇరుపక్షములు తామే ఒప్పుకొని ఒకరిని గాని ముగ్గురిని గాని ఎన్నుకొని, వారి నిర్ణయమునకు కట్టుబడుదురు. ఇట్టివారిని ఈ ప్రసంగములో తీర్పరి అని పిలిచెదము. తీర్పు చెప్పక, రాజీ కుదుర్చుటకు మాత్రమే సాయపడువానిని మధ్యవర్తి అందము. ఈ రెంటికిని గల భేదము తెలియక చిక్కులలో పడినవారిని మేము చాలమందిని చూచితిమి. మధ్యవర్తి మాట నచ్చకున్న లేచి రావచ్చును. తీర్పరి మాట నచ్చకున్నను తప్పదు.

ఇది పడమటి దేశముల నుండి దిగుమతియైన పద్ధతి యనుకొనరాదు. రాజు నియమించిన సభలతో పాటు, ఊరివారి సమూహమగు పూగము, ఒకే వృత్తివారి సంఘమగు శ్రేణి, బంధువర్గమగు కులము కూడ వ్యవహారములు తీర్చవచ్చునని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పెను. దానికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను 13వ శతాబ్దమున మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసెను. వర్తకుల తగవును వర్తకమెరిగినవాడే తీర్చవలెనను భావము మనకు అంత పాతది. ఆంగ్లేయుల కాలమున 1899లో ఒక చట్టమును, 1940లో సమగ్రమైన మరియొక చట్టమును వచ్చెను. మేము వృత్తిలో చేరునాటికి ఆ 1940 చట్టమే అమలులో నుండెను. మేము చెప్పదలచిన కథ దాని నీడన జరిగినదే.

1979లో ఇద్దరు వియ్యంకులు ఒక పత్తి జిన్నింగు మిల్లులో భాగస్థులుగా ఉండి తగవుపడిరి. భాగస్వామ్య పత్రములో తీర్పరి షరతు కలదు. ఆ ప్రకారము పత్తి వ్యాపారములో తల పండిన ఒక పెద్దమనిషిని ఇరువురును కోరుకొనిరి. ఆయన మిల్లు ఆవరణలోనే కూర్చుండి, లెక్కలు చూచి, గుమాస్తాలను విచారించి, మిల్లు ఒకరికి, 3 వాయిదాలలో రొక్కము రెండవవారికి అని వ్రాసియిచ్చెను. ఆ రొక్కము తక్కువయని తలచిన రెండవవారు మా వద్దకు వచ్చిరి. మేము ఆ నిర్ణయములో తప్పు వెదకితిమి. తీర్పు న్యాయముగనే కన్పట్టెను. కాని పని చేపట్టిన 4 నెలలలో తీర్పరి నిర్ణయమీయవలెనని నాటి చట్టము. ఆయన కోర్టువారి వలన గడువు పొడిగింపు పొందకయే 19 దినములు ఆలస్యముగ సంతకము చేసియుండెను. ఆ 19 దినములు లెక్కించినప్పుడు మాకు కలిగిన సంతోషము తలచుకొన్న, నేడు సిగ్గగుచున్నది.

మేము గెలిచితిమి. 1981లో ఆ నిర్ణయము రద్దయ్యెను. ఎదుటివారు నాడు హైదరాబాదులో నున్న ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు పోయిరి. అక్కడను మేమే గెలిచితిమి. పిమ్మట భాగస్వామ్యము రద్దు కొరకును, లెక్కల కొరకును దావా, రిసీవరు నియామకము, మిల్లు తలుపులకు తాళములు, లెక్కలు తేల్చుటకు ఒక కమీషనరు, ఆ కమీషనరు నివేదికమీద ఆక్షేపణలు. 1991లో మాకు డిక్రీ వచ్చెను. తీర్పరి ఇచ్చిన దానికంటె డిక్రీలో మొత్తము ఎక్కువయే. కాని అది మిల్లు అమ్మకము నుండి రావలెను. తాళములు తీసి చూడగా జిన్నులు త్రుప్పు పట్టి యున్నవి. బెల్టులు ఎలుకల పాలైనవి. పై రేకులు సగము లేవు. మిల్లు పాత ఇనుము తూకమునకు అమ్ముడుపోయెను. చేతికి వచ్చినది 1979లో తీర్పరి ఇవ్వజూపిన దానిలో సగమైనను కాదు. అప్పటికి వియ్యంకుడు గతించెను. మా కక్షిదారు కుమార్తె ఆ ఇంటి కోడలు. ఆ 12 సంవత్సరములు ఆమె పుట్టింటి గడప త్రొక్కలేదు.

డిక్రీ నకలు చేతికిచ్చినప్పుడు ఆయన దానిని అటునిటు త్రిప్పి చూచి, "గెలిచామంటున్నారు గదా ప్లీడరు గారూ! ఇప్పుడీ కాగితం ఎవరికి చూపించమంటారు?" అని అడిగెను. మాకు మాట రాలేదు. సామెత అర్థము ఆ సాయంకాలము తెలిసెను.

మా తీర్పరి నిర్ణయము రద్దయిన ఆ 1981లోనే సుప్రీంకోర్టు న్యాయమూర్తి డి. ఏ. దేశాయి గారు ఒక తీర్పులో ఈ 1940 చట్టమును గూర్చి విచారపడిరి. కోర్టుల జాప్యమును తప్పించుటకు వచ్చిన పద్ధతియే మరల కోర్టులలో చిక్కుకొన్న తీరు చూచి వకీళ్లు నవ్వుచున్నారనియు, న్యాయతత్త్వవేత్తలు కన్నీరు పెట్టుచున్నారనియు దాని సారాంశము. దానిని చదివినప్పుడు ఎవరినో అన్న మాటగా భావించితిమి. పది సంవత్సరములకు గాని ఆ నవ్విన వకీళ్లలో మేమును ఉంటిమని తెలియలేదు.

సేద్యమునకు అదను ఉన్నట్లే వ్యాజ్యమునకును అదను కలదు. అదను దాటి కురిసిన వాన పుష్కలమైనను పైరునకు పనికిరాదు. వర్తకము బ్రతికియుండగా వచ్చిన తీర్పే తీర్పు. 1991 తరువాత మా వృత్తిని మేము ఈ కొలతతోనే కొలుచుకొంటిమి.

చట్టమును క్రమముగా ఈ దారికే వచ్చెను. 1985లో ఐక్యరాజ్య సమితి వారి వాణిజ్య న్యాయ సంఘము తయారుచేసిన నమూనా చట్టమును అనుసరించి, మన దేశమున 1996లో క్రొత్త చట్టము వచ్చెను. తీర్పరి నిర్ణయమును రద్దుచేయు కారణములు మిక్కిలి కుదించబడెను. అయినను రద్దునకు దరఖాస్తు పెట్టినంతనే అమలు దానంతట నదియే ఆగెడి లోపము ఉండెను. 2015 సవరణతో అది తొలగెను. ఆ సవరణయే తీర్పరికి 12 నెలల గడువు విధించెను. 2019 నుండి దేశీయ వివాదములలో ఆ గడువును ఇరుపక్షముల వాదపత్రములు ముగిసిన నాటినుండి లెక్కింతురు. ఇరుపక్షములు సమ్మతించిన మరి 6 నెలలు. ఆపైన కోర్టువారి అనుమతి కావలెను. నిర్ణయములో కొంత భాగమే దోషమైనప్పుడు, పరిమిత సందర్భములలో కోర్టు దానిని సవరించవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2025 ఏప్రిల్ 30న చెప్పెను.

అయితే చట్టమునకు తొందర కలిగిన కొలది, కక్షిదారు నిద్రపోరాదు. ఒక సిమెంటు వ్యాపారికి తీర్పరి నిర్ణయము రిజిస్టరు పోస్టులో వచ్చెను. ఇంట కుమార్తె వివాహము. అశుభవార్త విప్పనేల యని ఆయన ఆ కవరును దేవుని పటము వెనుక నుంచెను. అయిదవ నెలలో మా వద్దకు తెచ్చెను. రద్దు కోరుటకు గడువు 3 నెలలు. తగిన కారణమున్నచో మరి 30 దినములు. ఆపైన ఒక్క దినమైనను కోర్టు మన్నింపజాలదు. ఎంత ఫీజైనను ఇత్తునని ఆయన ప్రాధేయపడెను. మేము కాగితము దాఖలు చేయవచ్చును, ఫీజు పుచ్చుకొనవచ్చును. ఫలితము మాత్రము ఉండదు. ఆ మాటే చెప్పితిమి. ఆయన కోపముతో లేచిపోయెను. నెల దినములకు తిరిగివచ్చినప్పుడు, ఎదుటివారితో మాటలాడి 10 వాయిదాలకు ఒప్పించితిమి. ఆ దుకాణము నేటికిని నడచుచున్నది. మా వృత్తిలో మిక్కిలి కష్టమైన పని ఎదురు విచారణ కాదు. మన కక్షిదారునకు "లేదు" అని చెప్పుట.

వివాదము దేశము దాటినప్పుడు చిక్కులు మరియొక రీతివి. చీమకుర్తి నల్ల గ్రానైటు ఎగుమతి చేయు ఒక వ్యాపారి మా వద్దకు వచ్చెను. కొనుగోలుదారు పైకము ఎగవేసెను. ఒప్పందములో చిన్న అక్షరములతో, తీర్పరి విచారణకు స్థానము లండను అని ఉన్నది. అక్కడ విచారణ నడపుటకగు వ్యయము రావలసిన పైకమును మించును. 1958 నాటి న్యూయార్కు ఒడంబడిక వలన ఒక దేశములోని నిర్ణయము మరియొక దేశములో అమలగుట సులభమే. కాని ముందు ఆ నిర్ణయమును సంపాదించవలెను గదా! ఆ స్థానము దేశము వెలుపల నున్నచో ఆ నిర్ణయమును రద్దుచేయు అధికారము మన కోర్టులకు లేదని సుప్రీంకోర్టు 2012 సెప్టెంబరు 6న నిర్ణయించెను. ఆ వ్యాపారి సంతకము పెట్టునాడు ధరను పదిమార్లు చూచెను. ఈ పంక్తిని ఒక్కమారైనను చూడలేదు.

వయసు మీరిన పిదప మమ్ము తీర్పరిగా కోరువారు ఏర్పడిరి. ఆ పీఠము సులభమనుకొంటిమి. వకీలుగా ఒక పక్షమును చూచుట అలవడిన కంటికి రెండు పక్షములను చూచుట క్రొత్తగా నేర్పవలసి వచ్చెను. తనకు ఏ పక్షముతోనైన సంబంధమున్నచో తీర్పరి ముందే వ్రాతమూలకముగ వెల్లడించవలెను. ఒకమారు ఒక పక్షమువారి బావమరిది మాకు పూర్వము కక్షిదారు. ఇరువురును అభ్యంతరము లేదనిరి. అయినను మేము ఆ పని ఒప్పుకొనలేదు. ఓడినవానికి ఆ రాత్రి నిద్రపట్టనప్పుడు మొదట గుర్తుకు వచ్చునది ఆ బావమరిదియే!

కోర్టులును మారినవి. 2015లో వాణిజ్య న్యాయస్థానముల చట్టము వచ్చెను. తొలుత కోటి రూపాయల వివాదములకే పరిమితమైన దానిని 2018లో 3 లక్షలకు దించిరి. సమను అందిన 120 దినములలో ప్రతివాదపత్రము దాఖలు చేయనిచో ఇక అవకాశము లేదు. తక్షణ ఉత్తరువులు అవసరము కాని దావాలలో ముందు మధ్యవర్తి కడకు పోవలసినదే. ఇది తప్పనిసరియని 2022లో సుప్రీంకోర్టు చెప్పెను. 2021 డిసెంబరులో హైదరాబాదున అంతర్జాతీయ ఆర్బిట్రేషను, మధ్యవర్తిత్వ కేంద్రము ప్రారంభమయ్యెను. మన వ్యాపారులు తీర్పు కొరకు సముద్రములు దాటనవసరము లేని దినము రావలెనని మా ఆకాంక్ష.

ఈ వృత్తిలోనికి రాదలచిన యువతీయువకులకు రెండు మాటలు. లా పట్టము పొంది, 1961 అడ్వకేటుల చట్టము ప్రకారము బార్ కౌన్సిలులో నమోదై, అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులగుట ఆరంభము మాత్రమే. జమాఖర్చులు చదువ నేర్వుడు. ఒక మిల్లు, ఒక గిడ్డంగి, ఒక కట్టడము కంటితో చూచిన పిదపనే దానిని గూర్చి వాదింపుడు. ఎదుటివాని కాలదోషము కనుగొన్ననాడు మీకును సంతోషము కలుగును. కక్షిదారు హక్కును విడువుమని మేము చెప్పము. కాని దానిని వినియోగించినచో ఎన్ని ఏండ్లు పట్టునో, చివరకేమి మిగులునో ఆయనకు ముందే లెక్క కట్టి చెప్పుడు. నిర్ణయము ఆయనది, లెక్క చెప్పవలసిన బాధ్యత మీది.

గృహస్థులకును ఒక మనవి. ఇల్లు కట్టించుకొన్నను, శీతల గిడ్డంగిలో సరకు ఉంచినను, అప్పు తీసికొన్నను మీరు సంతకము చేయు పత్రములో తీర్పరి షరతు ఉండవచ్చును. తీర్పరి ఎవరు, ఎందరు, వారిని ఎవరు నియమింతురు, విచారణ ఏ ఊరిలో, ఏ భాషలో, ఈ అయిదును చదివి సంతకము పెట్టుడు. తీర్పరుల సంఖ్య సరిసంఖ్య కారాదని చట్టము. కోర్టు నుండి గాని తీర్పరి నుండి గాని కవరు వచ్చినచో ఆనాడే విప్పుడు. దేవుని పటము వెనుక ఉంచిన కవరునకు దేవుడు జవాబు వ్రాయడు.

ఆ పత్తి మిల్లు డిక్రీ నకలు ఒకటి నేటికిని మా బల్ల సొరుగులో ఉన్నది. ఎవరైన కక్షిదారు వచ్చి, ఎంత కాలమైనను సరే, గెలిచి తీరవలెనని పట్టుబట్టినప్పుడు దానిని తీసి ఆయన ముందుంచుదుము. ఆనాడు, ఈ కాగితమును ఎవరికి చూపవలెనని ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్నకు మేము చెప్పగలిగిన జవాబు అది యొక్కటే.